ఓడలో చదువుకోవడానికి నాలుగు హత్యలు

ఆ మంగళవారం పొద్దున కలీముల్లా చేయవలసిన పని ఒక్కటే. జిల్లా గ్రంథాలయానికి వెళ్లి నాలుగు డిటెక్టివ్ నవలలు తేవాలి. పని చెప్పింది ఆయన భార్య ముంతాజ్. ఇంకో మూడు వారాల్లో ఇద్దరూ చెన్నైలో ఓడ ఎక్కి అండమాన్ వెళ్తున్నారు. అక్కడ బడిలో టీచరుగా పనిచేస్తున్న కూతురు ఫిర్దోస్ ఆరేళ్లుగా రమ్మంటోంది. విమానంలో అయితే రెండు గంటల్లో దిగిపోతామని కలీముల్లా అన్నాడు. ఓడయితేనే వస్తానని ముంతాజ్ అంది. నల్లమాడలో పుట్టి, అనంతపురంలో కాపురం చేసి, యాభై ఎనిమిదేళ్లు వచ్చినా మోకాలిలోతుకు మించిన నీళ్లు చూడని మనిషి ఆమె. మూడు రోజుల పాటు ఎటు తిరిగినా నీళ్లే కనిపించే చోట కుర్చీ వేసుకుని, హత్యల పుస్తకం చదువుకోవాలని ఆమె కోరిక.

"నాలుగు చాలు," అంది ముంతాజ్, చెనక్కాయలు వలుస్తూ. "రొంత లావుగా ఉండేవి చూసి తీస్కరాండి. ఎవురు చంపినారో ముందే తెలిసిపోయేవి మాత్రం వద్దు."

"నువ్వేమో కూరగాయలు తెమ్మన్నట్ల చెప్తాండావు," అన్నాడు కలీముల్లా. "దేనికైనా ఒక పద్ధతి ఉండాది."

కలీముల్లా నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయిన ఇంజనీరు. ఆ జిల్లాలో ఆ శాఖకు నీళ్లు తక్కువ, కాగితాలు ఎక్కువ. తన చేతి మీదుగా వెళ్లిన టెండరు ప్రకటనల్లో ఒక్క కామా కూడా తప్పు పోలేదని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఇంకెవరూ చెప్పరు కాబట్టి ఆయనే చెప్పుకోవాలి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క నవల కూడా చదవలేదు. అయినా తనకు తెలియని విషయాల్లో నిర్ణయాలు తీసుకోవడం ఆయనకు ఉద్యోగంలోనే బాగా అలవాటైంది.

గ్రంథాలయానికి వెళ్లడం మాని, కుర్చీలో కూర్చుని, రిటైర్డ్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఆయన తనకు వచ్చిన ఒకే ఒక్క తెలుగులో ఇలా రాశాడు:

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సముద్ర ప్రయాణమునకు అనువైన అపరాధ పరిశోధక నవలలు ఎంపిక చేయబడును. నవల రెండు వందల పేజీలకు తగ్గరాదు. కనీసము ఒక హత్య ఉండవలెను. హంతకుడు నూట యాభైయవ పేజీకి ముందు పట్టుబడరాదు. తుది నిర్ణయము ఈ క్రింద సంతకము చేసిన వారిదే."

ఆ గ్రూపులో ఈశ్వరప్ప ఉన్నాడు. ట్రెజరీలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాక ఈశ్వరప్ప 'మూడో ఆదివారం సాహితీ సమితి' అనే సంఘం పెట్టి, పదకొండేళ్లుగా దానికి తానే అధ్యక్షుడుగా ఉన్నాడు. ప్రకటన చదవగానే ఆయన కళ్లు చెమర్చాయి. తన జిల్లాలో డిటెక్టివ్ నవలకు ఒక పురస్కారం! 'సముద్ర ప్రయాణమునకు అనువైన' అన్న మాట ఆయనకు సరిగా అర్థం కాలేదు గానీ, అర్థం కాని మాట ఉంది గనుక ఇది కచ్చితంగా సాహిత్యమేనని తేల్చుకున్నాడు. పైన 'డిటెక్టివ్ నవలా పురస్కారం, న్యాయనిర్ణేత: ప్రముఖ విమర్శకులు కలీముల్లా' అని ఒక వాక్యం చేర్చి జిల్లాలోని రచయితలందరికీ పంపేశాడు.

మరునాడు పొద్దున్నే రిటైర్డ్ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆంజనేయులు వచ్చాడు. ఒక చేతిలో సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న నవల, ఇంకో చేతిలో మామిడిపండ్ల బుట్ట.

"మీరు ఇంత పెద్ద విమర్శకులని ఇన్ని దినాలు తెలీకపాయె సార్," అన్నాడు.

తాను విమర్శకుణ్ని కానని చెప్పడానికి కలీముల్లా నోరు తెరిచాడు. ఆంజనేయులు బుట్ట ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. కలీముల్లా నోరు మూసుకున్నాడు. ఈశ్వరప్ప పంపిన ప్రకటన ఆంజనేయులు ఫోనులో చూపించాక, 'ప్రముఖ' అన్న మాట ఆయనకు కాస్త బాగానే అనిపించింది. ముప్పై మూడేళ్లలో ఆయన్ను 'ప్రముఖ' అన్నవారు ఎవరూ లేరు.

"మీకు కడదాకా చదివేకి టైం దొరుకుతాదో లేదో," అని ఆంజనేయులు ముందుకు వంగాడు. "అందుకే చెప్తాండా. ఆఖర్న తెలుస్తాది సార్, డాక్టరే చంపినాడని! ఎవురూ అనుకోరు. ఆడ రొంత గమనించండి."

వంటింట్లోంచి ముంతాజ్ ఇదంతా విన్నది. ఆంజనేయులు వెళ్లగానే ఇవతలికి వచ్చి, "ఆయప్ప చెప్పేసె గదా. ఇంగ అది ఓడలోకి పనికిరాదు," అంది.

"ఓడ సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు ప్రముఖ విమర్శకుడు.

ఆ తర్వాత రచయితలు వరసకట్టారు. ధర్మవరం నుంచి పట్టుచీరల వ్యాపారి లింగప్ప కారులో వచ్చి, తన నవలలో శవం చీరల బీరువాలో దొరుకుతుందనీ, చంపింది వంటామె అనీ చెప్పి, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుని పోయాడు. అందరికీ ఒకటే భయం, న్యాయనిర్ణేత చివరిదాకా చదవడేమోనని. అందుకని అందరూ చివరే ముందు చెప్పారు. కలీముల్లా అందరి మాటలూ తల ఊపుతూ విని, ఒక పెద్ద కాగితం మీద గడులు గీసి పేజీల సంఖ్య, హత్యల సంఖ్య, అట్ట నాణ్యత, కాగితం మందం అనే నాలుగు పద్దుల కింద మార్కులు వేశాడు. ఆంజనేయులు నవల కాగితం మందంగా ఉంది. తొంభై రెండు వచ్చాయి. లింగప్పకు ఎనభై ఎనిమిది.

పుస్తకాలు తెరిచి చదివింది ముంతాజ్ ఒక్కతే. కూతురికి పొడి కొట్టుకుని తీసుకుపోవడానికి బస్తాడు చెనక్కాయలు వలుస్తూ, రోజుకు రెండేసి నవలలు ముగించింది. హంతకుడు ముందే తెలిసినా చదివింది, తెలిసినవాణ్ని వాళ్లు ఎంత అవస్థ పడి దాస్తున్నారో చూడటానికి.

ఇరవై రెండో పుస్తకం అచ్చు పుస్తకం కాదు. రాప్తాడు నుంచి ఎలిజబెత్ అనే రిటైర్డ్ నర్సు తెచ్చిన చేతిరాత కాగితాల కట్ట. ఆ సమయానికి కలీముల్లా ఇంట్లో లేడు, ఈశ్వరప్ప పెట్టబోయే పురస్కార సభ కోసం ఫోటో దిగడానికి వెళ్లాడు. ఎలిజబెత్ కాగితాలు ముంతాజ్ చేతికిచ్చి, చివరి పది మాత్రం విడదీసి సంచిలో పెట్టుకుంది.

"అవి ఏంటికి తీసినావక్కా?" అంది ముంతాజ్.

"ఎవురు చంపినారో అందులో ఉండాది. ఇచ్చేస్తే ఇంగ తక్కినవి ఎవురు చదువుతారు?" అంది ఎలిజబెత్. "చదివినాక అడుగు, చెప్తా."

ముంతాజ్ ఆ మధ్యాహ్నం మొదలుపెట్టిన కాగితాలు పొద్దుగూకేలోగా ముగించింది. అన్నం అడుగంటింది. ఎలిజబెత్ నంబరు తీసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

గొడవ అసలు సభ తేదీ దగ్గర మొదలైంది. మూడో ఆదివారం సమితి గనుక సభ మూడో ఆదివారమే. తాడిపత్రిలో చెన్నై రైలు ఎక్కవలసింది కూడా అదే రోజు.

"నేను పుస్తకాలడిగితే మీరు సభ తెచ్చినారు," అంది ముంతాజ్. "ఆ రైలు తప్పితే సోమవారం ఓడ తప్పుతాది. మళ్ల ఓడ ఎప్పుడో ఏమో."

"సభ పదకొండుకు. ఒంటిగంటకంతా అయిపోతాది. రైలు సాయంత్రం ఆరున్నరకు గదా," అన్నాడు కలీముల్లా. "ఈశ్వరప్ప మాట ఇచ్చినాడు."

ఈశ్వరప్ప మాట ఇచ్చింది నిజమే. అయితే ఆ మాట మిగతా వక్తలెవరికీ చెప్పలేదు. ముఖ్య అతిథి రెండున్నరకు వచ్చాడు. జ్యోతి వెలిగించడానికి ఫ్యాన్లు ఆపితే మళ్లీ వేయడం అందరూ మరిచిపోయారు. ఇరవై ఒక్కమంది రచయితలు తలా రెండు నిమిషాలు మాట్లాడతామని అయిదారేసి నిమిషాలు మాట్లాడారు. కలీముల్లా వేదిక మధ్యలో దండ వేసుకుని, చెమట కారుతున్నా తుడుచుకోకుండా, ఫోటోలో ఉన్నట్టే కూర్చున్నాడు. ముందు వరసలో ముంతాజ్ రెండు పెట్టెలతో, ఒక పుస్తకాల సంచితో కూర్చుంది.

నాలుగూ నలభైకి ఆమె ఓ చీటీ రాసి వేదిక మీదికి పంపింది. 'కారు బయట ఉండాది. ఇప్పుడు లేస్తేనే రైలు దొరికేది. రాండి.' చీటీ ఈశ్వరప్ప చేతికి పోయింది. ఆయన అద్దాలు దండ కింద ఎక్కడో ఇరుక్కున్నాయి. ఎవరు పంపారని అడిగి, మైకు అందుకున్నాడు.

"న్యాయనిర్ణేతగారి సతీమణి ముంతాజ్ గారు రెండు మాటలు మాట్లాడాలని ముచ్చటపడుతున్నారు!"

జనం చప్పట్లు కొట్టారు. భర్త చెయ్యి పట్టుకుని లాక్కుపోదామని ముంతాజ్ వేదిక ఎక్కింది. చేతిలో మైకు పెట్టారు. ఆమె ఒక్క క్షణం దాని వైపు చూసింది, తర్వాత గడియారం వైపు చూసింది.

"నాకు మాట్లాడేది రాదు," అంది. "కానీ ఈ ఇరవై రెండు పుస్తకాలూ చదివింది నేనే. ఈయన ఒక్కటి కూడా తెరవల్యా."

హాలులో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. కలీముల్లా దండలోకి తల దాచుకోబోయాడు గానీ దండ చిన్నది.

"పదకొండింట్లో డాక్టరు చంపినాడు. ఆరింట్లో వంటామె. నాలుగింట్లో చచ్చిపోయినాయప్ప అసలు చావనే లేదు, ఆఖర్న లేచి వస్తాడు. మిగిలిందొక్కటే, ఎలిజబెత్ అక్కది. అందులో ఎవురు చంపినారో నాకింకా తెలీదు. పది దినాలుగా అదే ఆలోచన, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తాండా. మొదటి బహుమతి ఆ పుస్తకానికే. ఎలిజబెత్ అక్కా, యాడుండావు?"

చిట్టచివరి వరసలో ఎలిజబెత్ లేచి నిలబడింది.

"కార్లో చెప్తువు రా," అంది ముంతాజ్. "నాకు టైం లేదు."

ఆమె ఒక పెట్టె, పుస్తకాల సంచి తీసుకుని దిగిపోయింది. భర్త పెట్టె అక్కడే ఉంది. "రాండి," అని ఒక్కసారి వెనక్కి తిరిగి పిలిచింది కూడా. కలీముల్లా లేచాడు. అప్పటికే ఇరవై ఒక్కమంది రచయితలు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"చదవకుండానే మార్కులు ఏసినారా సార్?" అని లింగప్ప, ఆయన చేతిలోని మార్కుల కాగితం లాక్కుని చూసి, దండ పట్టుకున్నాడు. "వేస్తే వేసినారు. చదవకుండా ఆంజనేయులుకు తొంభై రెండు, చదవకుండా నాకు ఎనభై ఎనిమిదీనా?"

"నా మామిడిపండ్లు!" అన్నాడు ఆంజనేయులు, ఇంకేమీ తోచక.

విజేత లేదు, శాలువా మిగిలింది. సభ శాలువా లేకుండా ముగియకూడదని ఈశ్వరప్ప దాన్ని తానే కప్పుకుని వందన సమర్పణ మొదలుపెట్టాడు.

కలీముల్లా తన పెట్టె పట్టుకుని బయటపడేసరికి అయిదున్నర. కారు లేదు. బస్సెక్కి ఫోను చేశాడు.

"ముంతాజ్, యాడుండారు? నేను వస్తాండా, రైలును రొంత ఆగమను..."

"ఉండండి, ఉండండి," అంది ముంతాజ్. "ఇప్పుడే బావిలో కత్తి దొరికింది." ఫోను పెట్టేసింది.

తాడిపత్రి దారిలో బండలు నింపుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. బస్సు వాటి వెనక నడిచింది. కలీముల్లా స్టేషన్లోకి పరిగెత్తేసరికి ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. ఎలిజబెత్ బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది.

"పోయె సార్ రైలు," అంది. "గేటు దగ్గర నిలబడి మీకోసం కడదాకా చూసింది పాపం."

కలీముల్లా పెట్టె మీద కూలబడ్డాడు. తర్వాతి రైలు చెన్నై చేరేసరికి ఓడ వెళ్లిపోయి ఉంటుంది. ముంతాజ్ ఒంటరిగా పోతోందన్న దిగులు ఒకవైపు, ఆమె లేకుండా ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగించాలన్న దిగులు ఇంకోవైపు. ఊరికే కూర్చోలేక అడిగాడు.

"ఇంతకీ మీ నవల్లో చంపిందెవురు?"

"చదవండి సార్," అంది ఎలిజబెత్.

"కాయితాలు యాడుండాయి?"

"ఆమె తీస్కపోయె. నాకు ఇంకో కాపీ లేదు."

నాలుగు రోజుల తర్వాత అండమాన్ నుంచి ముంతాజ్ ఫోను చేసింది. మొదటి రోజు వాంతులయ్యాయట. రెండో రోజు నుంచి కుర్చీ వేసుకుని కూర్చుందట. ఎగిరే చేపలు చూసిందట. ఎలిజబెత్ నవల మళ్లీ మొదటినుంచి చదివిందట, హంతకుడెవరో తెలిశాక ఇంకా బాగుందట. ఫిర్దోస్ దగ్గర రెండు నెలలు ఉంటుందట. కలీముల్లా ఏమి తింటున్నాడని అడిగింది. మామిడిపండ్లని ఆయన చెప్పాడు.

ఈలోగా బహుమతి రాని ఇరవై ఒక్కమందీ సమితి నుంచి విడిపోయి, 'నాలుగో ఆదివారం సాహితీ సమితి' పెట్టుకున్నారు. ఒకరికొకరు పురస్కారాలు ఇచ్చుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కలీముల్లా మీద కోపం ఉన్నా, పద్ధతి ప్రకారం ఆహ్వానం పంపారు. ఇంట్లో తోచక ఆయన వెళ్లాడు. హాలులో మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఎక్కడైనా కూర్చోవచ్చు, ఎందుకంటే మిగతావాళ్లంతా వేదిక మీదే ఉన్నారు.