సముద్ర విజేత నాంచారి

పెద్ద అడవులన్నిటికీ ఒక సింహం ఉంటుంది. మనం చెప్పుకునే పెద్ద అడవిలో సింహంతోపాటు ఒక సంకల్పాల సభ కూడా ఉండేది.

ఏటా ఉగాదినాడు వాగు మధ్యనున్న లంకలో, నల్లబండ చుట్టూ ఆ లంక జంతువులన్నీ చేరేవి. ఒక్కొక్కరే బండెక్కి, ఈ ఏడు తాము సాధించబోయేది చెప్పాలి. అందరికంటే గొప్పగా చెప్పినవారికి అడవిమల్లెల దండ, ఒక బిరుదు. చెప్పింది చేశారా అని మరుసటి ఏడు అడగడం ఆ సభలో మర్యాద కాదు.

నాంచారి అనే అడవిపిల్లికి ఈ సంగతి తెలియదు. ఆమె పుట్టిన కొండలు ఎక్కడో దూరం. కడుపుతో ఉండగా, వాగుకు అడ్డంగా పడిన మద్దిమాను మీదుగా ఈ లంకకు వచ్చింది. రెండు కూనలను ఇక్కడే కన్నది. ఈమధ్యే ఆ మాను పుచ్చి కొట్టుకుపోయింది. వానలు ముదిరితే లంక మునుగుతుందని అందరూ అంటున్నారు. అవతలి గట్టు చేరాలంటే ఈదాలి. నాంచారి వంశంలో నీళ్ళు తాగడానికి తప్ప మరెందుకూ వాడినవాళ్ళు లేరు. కూనలను తలుచుకుంటే తిన్నది ఒంటబట్టడం లేదు. పైగా కొత్తచోటు, ఇక్కడి పద్ధతి ఎక్కడ తప్పుతానోనన్న బెంగ మరొకటి.

తన వంతు రాగానే బండెక్కి గొంతు సవరించుకుంది. "రోజూ కాసేపు వాగులో నిలబడతానండీ. ముందు పాదాల వరకు, అలవాటయ్యాక మోకాళ్ళ వరకు. వానలొచ్చేలోగా అవతలికి దాటగలిగితే చాలు."

అడవికోడి పుంజు కిసుక్కున నవ్వింది.

సభకు కార్యదర్శి పరాంకుశం అనే నక్క. మెల్లగా దగ్గరికి వచ్చాడు. "చూడమ్మా నాంచారీ, నీకు ముందు ఎవరేమన్నారో విన్నావా? పుంజుగారు మబ్బుల పైకి ఎగురుతానన్నారు. కుందేలు పెద్దమ్మ ఏనుగును కుస్తీలో పడగొడతానంది. సింహప్రభువులవారు ఈ ఏడు మాంసం ముట్టనన్నారు. వాళ్ళ మధ్య నువ్వు కాళ్ళు కడుక్కుంటానంటే ఏం బాగుంటుంది?"

"కడుక్కోవడం కాదండీ, నేర్చుకోవడం."

"ఏదైతేనేం. కాస్త పెద్ద నీళ్ళ పేరు చెప్పు. సముద్రం ఉందిగా."

"అదెక్కడుందండీ?"

"ఎక్కడుంటే నీకెందుకు? ఈదేది ఇవాళ కాదుగా."

ఊరుకాని ఊళ్ళో పెద్దల మాట కాదనలేక నాంచారి సముద్రం ఈదుతానంది. చప్పట్లు మోగాయి. దండ పడింది. 'సముద్ర విజేత' అని బిరుదిచ్చారు.

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళి ఒక పాదం నీళ్ళలో పెట్టిందో లేదో, "ఏం చెల్లెమ్మా, సముద్రం ఇంత చిన్నదా?" అంది పుంజు.

వెనకే పరాంకుశం. "బిరుదున్నవాళ్ళు బురదలో తేలితే సభ పరువేం కావాలి? వెళితే సముద్రానికి వెళ్ళు, లేకపోతే ఇంట్లో కూర్చో."

నాంచారి ఇంట్లో కూర్చుంది. సాయంత్రాలు మాత్రం పరాంకుశం పిలిపించేవాడు, లంకలోని కుర్రకారుకు 'ఈతలో నా అనుభవాలు' చెప్పమని. నాలుగు ముక్కలు చెప్పి, తలవంచుకుని వచ్చేసేది.

ఒకరోజు చిన్నకూన అడిగింది. "అమ్మా, నువ్వు సముద్రమే ఈదుతావుగా. మరి వాగంటే ఎందుకు భయం?"

మర్నాడు నాంచారి కూనలను వెంటబెట్టుకుని లంక వెనక్కి వెళ్ళింది. వాడిన దండను ఒక తుంగదుబ్బుకు తగిలించి, నీళ్ళలో దిగింది. పాదాలు తడిశాయి. ప్రాణం పోలేదు.

మోకాళ్ళ వరకు వచ్చేసరికి పరాంకుశం కంట పడింది. వెంటనే సభ పెట్టారు. సముద్ర విజేత మోకాలి లోతులో దొరికిపోవడం ఘోరమని తేల్చి, బిరుదు వెనక్కి తీసుకున్నారు. నాంచారి ఆ రోజంతా మొహం దాచుకుని ఏడ్చింది. తెల్లవారాక చూస్తే, ఇక తనను ఎవరూ పట్టించుకోవడం లేదు. ఎంత హాయిగా ఉందంటే, కూనలను కూడా నీళ్ళలోకి దింపింది.

ఆషాఢంలో వాగు పొంగింది. సభ్యులందరూ నల్లబండ ఎక్కారు. చిన్నకూనను నోట కరుచుకుని, పెద్దకూనను పక్కన ఈదించుకుంటూ నాంచారి వాగులో పడింది. నీళ్ళు మింగింది, కొంత దూరం కొట్టుకుపోయింది. చివరికి గట్టు పట్టుకుంది.

ఊపిరి తిరగ్గానే వెనక్కి తిరిగి కేకేసింది. "తుంగదుబ్బుల పక్కగా రండి. అక్కడ వడి తక్కువ."

"మోకాలి లోతువాళ్ళ సలహా మాకేల?" అన్నాడు పరాంకుశం. అత్యవసర సభ జరిగింది. వచ్చే ఏడు వాగునే మరో అడవికి మళ్ళించాలని సంకల్పించి, అందరూ ఒకరికొకరు దండలు వేసుకున్నారు.

బండ మునగలేదు. కాని వరద తొందరగా తియ్యలేదు, తినడానికి దండలు తప్ప ఏమీ లేవు. నీళ్ళు దిగేసరికి సభకు కోరం లేదు. కుందేలు పెద్దమ్మ కనబడలేదు. మబ్బుల పైకి ఎగరాల్సిన పుంజుగారి ఈకలు మాత్రం బండ మీద మిగిలాయి. ప్రభువులవారి సంకల్పం ఏమైందని అడగడం మర్యాద కాదు కనుక ఎవరూ అడగలేదు.

మళ్ళీ ఉగాది వచ్చింది. పరాంకుశం లంక చివర నిలబడి పిలిచాడు. "నాంచారమ్మా, దండ సిద్ధంగా ఉంది, ఒక్కసారి వచ్చి వెళ్ళు."

"వాగు దాటినందుకాండీ?"

"ఛ, అది అయిపోయిన పని. ఈసారి రెండు సముద్రాలు ఈదుతానని చెప్పు."

"తీరిక లేదండీ. పిల్లలకు చెట్టెక్కడం నేర్పుతున్నాను."

"ఎంతవరకు?"

"ఇవాళ్టికి మొదటి కొమ్మ వరకు."

పరాంకుశం జాలిగా తల ఆడించి వెళ్ళిపోయాడు. ఆ ఏటి దండ, సింహం మనసు మారుస్తానన్న ఒక కొత్త జింకకు పడింది.

నీతి: దండ కావాలంటే సముద్రం పేరు చెప్పండి, వాగు దాటినవాళ్ళకు దక్కేది అవతలి గట్టు మాత్రమే.