మద్రాసు కాగితం, చెంగల్రాయుడి బావి

తిరుపతిలో అలిపిరి దారిన కాఫీ హోటల్ నడిపే చెంగల్రాయుడు, కొండెక్కే భక్తుల రద్దీ మొదలుకాకముందే తానూ ఒక లోటా తాగుదామనుకున్నాడు ఆ పొద్దున. అంతలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ ప్రేమానందం మద్రాసు నుంచి వచ్చిన నీళ్ల పరీక్ష కాగితంతో దిగాడు.

"నీ బావి నీళ్లలో నైట్రేటు ఎక్కువుండాదంట. పక్కనే మరుగుదొడ్డి పెట్టుకుంటే ఇంకేముంటాది? తాగేదానికి పనికిరాదు. పది దినాల్లో బావి మూసెయ్యల్ల."

"బావి మూస్తే హోటల్ మూసినట్టే గద సామీ. నా బిడ్డలు ఏం తిని బతకల్ల?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం శానిటరీ శాఖ పని కాదు కనుక, ప్రేమానందం కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. చెంగల్రాయుడు సైన్సు మాస్టరు పరంధామయ్య దగ్గరకు పరుగెత్తాడు. ఏ సంగతైనా సగం చెప్పి ముక్కుపొడుం పీల్చడంలో ఆయన ఘనుడు.

"నైట్రేటంటే ఎరువులో ఉండే సత్తువేనబ్బా. పైరు ఏపుగా పెరిగేది దాంతోనే" అన్నాడాయన. తాగిన మనిషి ఏమవుతాడన్న మిగతా సగం పొడుంతో పాటు ముక్కులోకి పోయింది.

మర్నాటికి ఆ కాగితం పటం కట్టుకుని హోటల్ గోడకెక్కింది. "మద్రాసు సర్కారువారు సత్తువ ఉన్నదని రాసిచ్చిన నీళ్లు" అని పక్కన బోర్డు. ఇంగ్లీషు కాగితమంటే మనవాళ్లకు భక్తే గానీ, చదవాలన్న చాదస్తం లేదు. రెండేసి లోటాలు తాగారు. అక్కడితో ఆగినా బాగుండేది. యుద్ధం రోజులు, ఎరువు దొరకడం లేదు. ఎరువులో ఉండే సత్తువేనన్న మాస్టరు మాట చెవినపడి, మునస్వామి అనే రైతు బండి మీద పీపా తెచ్చి, "నా మడికి గూడా రోంత పొయ్యప్పా" అన్నాడు. మూడో నాటికి బండ్ల వరస వీధి దాటింది.

ఆ వరస ఎరువుల కంట్రోలు ఆఫీసరు గోవిందస్వామి కంటపడింది. "లైసెన్సు లేకుండా ఎరువు ఇస్తా ఉండావా?" అని బావి మీద పలకలు పరిపించి సీలు వేయించాడు. ప్రేమానందానికి పట్టరాని సంతోషం. తాను పది రోజులు గడువిచ్చిన పని ఇంకో శాఖ పూటలో చేసిపెట్టింది.

చెంగల్రాయుడు ఆఫీసరు కాళ్లు పట్టుకున్నాడు. "పొయ్యి ఆరిపోయినాది సామీ. ఏం జేస్తే తీస్తారు?"

గోవిందస్వామి కరిగిపోయాడు. సర్కారుకు దయ లేదని ఎవరన్నారు?

"మడికి ఒక్క సుక్క పోగూడదు. మనుషులు తాగేదానికే వాడతానని రాసియ్యి, రేప్పొద్దున్నే తీయిస్తా."

చెంగల్రాయుడు కళ్లు తుడుచుకుంటూ రాసిచ్చాడు. సాక్షి సర్కారు ఉద్యోగే కావాలన్నారు కనుక, ఆ సంతకం శానిటరీ ఇన్‌స్పెక్టర్ ప్రేమానందం పెట్టాడు.