వంగమడిలో అమ్మవారు

గురువారం పొద్దున్నే వంగనారు నాటేయాలని బడిపంతులు యాజులుగారు ముందురోజే నిశ్చయించుకున్నారు. శుక్రవారం స్కూళ్ల ఇనస్పెక్టరు సోమసుందరంగారు నర్సీపట్నం వస్తున్నారు. ఆయనకి చూపించడానికి యాజులుగారి దగ్గర ఉన్నవల్లా ఆరుగురు పిల్లలూ, బడి వెనక పెరడూను. కొండలమ్మకి చూపు లేదు, సింగన్నకి వినపడదు, తక్కిన నలుగురికీ కాలో, మాటో, చదువో సరిగ్గా సాగదు. ఏ తరగతిలోనూ చోటు దొరకని ఈ పిల్లల్ని చేరదీసి, తోటపనితో చదువు మొదలుపెడతానని యాజులుగారు కనపడ్డవాళ్లందరి కాళ్లూ పట్టుకుని తిరిగారు.

హెడ్మాస్టరు నారాయణమూర్తిగారు కాదనలేదు. కాదనడం ఆయన స్వభావం కాదు, కాకుండా చూడడమే ఆయన స్వభావం. "ఇనస్పెక్టరుగారు బాగుందంటే తరగతి ఉంటుంది. లేదంటే పిల్లలు ఇళ్లకి, పెరడు మళ్లీ నా గేదెలకి," అన్నారు. గేదెలు అప్పటికే గోడ అవతల నుంచి మెడలు చాచి చూస్తున్నాయి.

పని చకచకా సాగింది. మాట వినపడని సింగన్న ఏ మడి ఏదో చూసి గుర్తుపట్టాలి కదా. అందుకని యాజులుగారి భార్య లలితాంబ పాత పంచె చింపి, ఇంట్లో ఉన్న రంగు పసుపొక్కటే కనుక అందులో ముంచి, వంగమడి చుట్టూ కట్టమని పీలికలు పంపింది. లేత నారు ఎండకి వాడకుండా కొండలమ్మ చేత్తో తడుముకుంటూ మొక్కమొక్కకీ ఒక వేపమండ గుచ్చింది. ఆ తరవాత పిల్లలందరూ వరసగా నిలబడి ముంతలతో నీళ్లు పోశారు.

సరిగ్గా అప్పుడే, బడి గేటు దగ్గర ఉడికించిన చిలగడదుంపలు అమ్ముకునే గున్నమ్మ గోడ మీంచి తొంగి చూసింది. పసుపు గుడ్డలు, వేపమండలు, ముంతలతో నీళ్లు. మశూచి సోకిన ఇంటికి వేపమండలు కట్టి, అమ్మవారు చల్లబడాలని నీళ్లు సాక పోయడం ఆ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. గున్నమ్మ చెంపలు వేసుకుంది.

"ఎంతమందికండి బాబూ?" అంది గొంతు తగ్గించి.

"ఆరుగురికి," అన్నారు యాజులుగారు. తన తరగతి గురించి ఒక మనిషి ఇంత ఆదరంగా అడగడం అదే మొదలు.

"ఇంకా పెరుగుతాదేటండి?"

"దైవానుగ్రహం ఉంటే బడంతా ఇదే అవుతుంది. ఆ తరవాత గొలుగొండ, కోటవురట్ల కూడా."

"మరేటి సెయ్యాలండి?"

"ఏముంది, పొద్దునా సాయంత్రం నీళ్లు పోయాలి. ఓపిక పట్టాలి."

గున్నమ్మ దుంపల తట్ట అక్కడే వదిలేసి పరుగు తీసింది. మంచి కబురు నలుగురికీ చెప్పడానికి వెళ్లిందనుకున్నారు యాజులుగారు. నలుగురికీ చెప్పడం వరకూ నిజమే.

ఆరుగురు కాస్తా బజారు దాటేసరికి అరవైమంది అయ్యారు. తల్లులు వచ్చి తరగతుల్లో పిల్లల్ని రెక్కపట్టుకు లాక్కుపోయారు. తక్కిన పంతుళ్లు ఒకే బండెక్కి గొలుగొండ పోయారు. ఎవరో పుణ్యాత్ములు బడి గేటుకి వేపతోరణం కట్టారు. తోరణం చూశాక నారాయణమూర్తిగారికి ఇక అనుమానం మిగల్లేదు. కోటవురట్ల మీదుగా వచ్చే ఇనస్పెక్టరుగారిని రావద్దని చెప్పమంటూ అటు మనిషిని తరిమి, కర్పూరం మూట ముక్కుకి అదుముకుని ఇంట్లో తలుపేసుకున్నారు. వెనకపెరట్లో మట్టి పిసుకుతున్న యాజులుగారికి మాత్రం ఇదేమీ తెలియలేదు. ఆయన వెనకదారినే ఇంటికి పోయారు.

శుక్రవారం ఉతికిన పంచె, తలపాగా కట్టి ముందు గేటు నుంచి వచ్చారాయన. తోరణం చూసి గబగబా లోపలికి నడిచారు. బడిలో పిట్ట లేదు. ఎవరి బిడ్డకి అమ్మవారు పోసిందో ఏమో అనుకుంటూ పెరట్లోకి పరుగెత్తారు. అక్కడ ఆరుగురూ మడి గట్టు మీద కూర్చుని ఆయన కోసమే చూస్తున్నారు.

"మీరెందుకొచ్చారర్రా? ఇళ్లకి పొండి. తరగతి పోతే పోయింది, మీరు బతికుంటే చాలు," అన్నారు.

"జబ్బెవులికీ లేదండి," అంది కొండలమ్మ. "నిన్న నాను గుచ్చిన మండలు సూసి ఊరంతా జడిసిపోనాదండి. మాయమ్మా జడిసింది. మొక్కలకి నీడ కోసం ఏసినానంటే నవ్వింది."

"మరి ఊళ్లోవాళ్లకి చెప్పలేదేమే?"

"మమ్మల్ని ఎవులడుగుతారండి?"

యాజులుగారికి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమర్చాయి.

ఇంతలో గేటు ముందు జట్కా ఆగింది. హెడ్మాస్టరుగారి మనిషి దారిలో ఎదురుపడి కబురు చెప్పాడు కానీ, సోమసుందరంగారి ముఖం నిండా చిన్ననాటి స్ఫోటకం మచ్చలే. ఒకసారి పోసినవాడికి మళ్లీ పోయదని ఆయన ధీమాగా వచ్చేశారు. వెనకాలే కర్పూరం మూటతో నారాయణమూర్తిగారు రొప్పుతూ వచ్చి, పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"లోపలికి వెళ్లకండి. అమ్మవారు."

"ఎక్కడ?"

నారాయణమూర్తిగారు దూరం నుంచే వంగమడి చూపించారు. ఇనస్పెక్టరుగారు వంగి ఒక మండ పీకారు. దాని కింద వేలెడు వంగమొక్క, పచ్చగా ఉంది. సింగన్న వచ్చి ఆయన చేతిలో మండ తీసుకుని మళ్లీ గుచ్చాడు. ఖాళీ అయిన ఆ చేతిలో నీళ్ల ముంత పెట్టి, పోయమని సైగ చేశాడు. ఇనస్పెక్టరుగారు పోశారు.

"ఈ తరగతిలో ఆరుగురికి ఆరుగురూ వచ్చారు," అన్నారు చేతులు తుడుచుకుంటూ. "తక్కిన బడిలో ఎంతమంది, హెడ్మాస్టరుగారూ?"

"లేరండి."

"పంతుళ్లు?"

"గొలుగొండలో ఉన్నారండి."

"అయితే ఈ తరగతి ఉంటుంది, పెరడూ వీళ్లదే. అన్నట్టు యాజులుగారూ, కళ్లూ చెవులూ శుభ్రంగా ఉండి కూడా వంగమొక్కని పోల్చుకోలేని వాళ్లున్నారు. పాపం వాళ్లనీ చేర్చుకోండి."

సోమవారం నుంచి యాజులుగారి తరగతిలో విద్యార్థులు ఏడుగురయ్యారు, ఏడో ఆయన నారాయణమూర్తిగారు.