అమ్మేవారూ ఆయనే, కొనేవారూ ఆయనే

ఆ ఉదయం బ్రాడీపేటలో, భావనారాయణగారింట్లో కండువా దగ్గర గొడవైంది.

"ఎర్రంచుది ఏదీ, సామ్రాజ్యం?"

"ఇప్పుడే తడిపానండీ. పచ్చంచుది వేసుకోండి, ఎవరు చూస్తారు?"

"ఎవరు చూస్తారా! ఎర్రంచుది జిన్నింగు మిల్లు అధ్యక్షుడిది. పచ్చంచుది నూలు మిల్లు అధ్యక్షుడిది. దూది అమ్మేవాడూ కొనేవాడూ ఒకే కండువాతో కూర్చుంటే పరిపాలనకు మర్యాదేం మిగులుతుంది?"

సామ్రాజ్యం తడి కండువానే పిండి ఇచ్చింది. భర్త గొప్పతనం ఆమెకు తెలియంది కాదు. రైతుల పొదుపుతో నడిచే పెట్టుబడుల సంఘానికి రెండు మిల్లుల్లోనూ పెద్ద వాటా. సంఘం తరఫున రెండింటికీ అధ్యక్షులు ఈయనే. "మన మిల్లుకు బ్యాంకు అప్పెందుకు, వడ్డీ దండగ! నూలు మిల్లుకు జిన్నింగు మిల్లే అరువిస్తుంది" అని ఆయన ప్రకటించిన రోజు హాలంతా చప్పట్లు. జిన్నింగు మిల్లు ఆ అరువు ఎక్కణ్ణుంచి తెస్తుందని అడిగే మర్యాద లేనివాళ్ళు ఆ సభకు రాలేదు.

తెచ్చింది ఆమె తమ్ముడు పానకాలులాంటి రైతుల దగ్గర్నుంచి. అద్దంకి నుంచి బళ్ళకెత్తి, గింజ తీసి దూది చేసే ఆ జిన్నింగు మిల్లుకు తోలిన పత్తికి దమ్మిడీ రాలేదు. ఇవాళ ఉత్తచేతుల్తో వెళితే ఎడ్లజత సంతకు పోతుంది. అందుకే వచ్చి వసారాలో కూర్చున్నాడు.

ఇంటి హాల్లో రెండు మిల్లుల డైరెక్టర్ల మీటింగు మొదలైంది. భావనారాయణగారు తడి కండువాతో లేచి, "నూలు మిల్లువారు బాకీ తక్షణం తీర్చాలి!" అని గర్జించారు. కండువా మార్చి, ఎదుటి కుర్చీలో కూర్చుని, "మరో ఏడాది గడువిప్పించండి" అని వేడుకున్నారు. మళ్ళీ మార్చి, కాసేపు ఆలోచించి, గడువు ఇచ్చేశారు. డైరెక్టర్లు మూడుసార్లూ తలూపారు.

కాఫీ గ్లాసు అందిస్తూ సామ్రాజ్యం మెల్లగా అంది. "ఇంకాస్త గట్టిగా అడగాల్సింది."

"అడిగానుగా! అవతలాయన ఇబ్బందులు నాకంటే ఎవరికి తెలుసు?"

పానకాలు గుమ్మంలోకొచ్చాడు. "బావగారూ, నన్ను ఎడ్లమ్ముకోమంటారా? యలమందయ్య బాబాయి తన పత్తి డబ్బు కూడా రాలేదన్న దిగులుతోనే మంచం పట్టాడు. రేపు ఊరంతటినీ తోలుకొచ్చి మిల్లు గేటుకడ్డం కూర్చోబెడతా!"

భావనారాయణగారు బావమరిదిని మొట్టమొదటిసారి శ్రద్ధగా చూశారు. "ఇట్లా రావోయ్" అని గదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పులో నెయ్యి పోయించుకుని, ఆయన నిర్ణయం ప్రకటించారు. "సామ్రాజ్యం, మీ తమ్ముడికి రావలసిన బాకీకి చెక్కు రాయించాను. ఇవాళ్టినుంచి జిన్నింగు మిల్లులో రైతుల తరఫు డైరెక్టరు కూడా అతనే."

సామ్రాజ్యం సంతోషంగా తమ్ముడి విస్తట్లో ఇంకాస్త గోంగూర వేసింది. "అయితే యలమందయ్య బాబాయికీ వచ్చినట్టేగా?"

పానకాలు ముద్ద మింగి, పెద్దరికంగా నవ్వాడు.

"అట్టా తొందరపడితే ఎట్టాగక్కా? రైతన్నాక కాస్త ఓపిక పట్టాలి."