బేకరీ ఆయనకి విషం పెట్టిందెవరు

"ఈ ఊళ్లో నేరం చేసి నా కళ్లు కప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు," అని మా మావయ్య తన కళ్లజోళ్ల షాపులో నిలబడి ప్రకటించాడు. అప్పుడాయన పెట్టుకున్న ఫ్రేముకి అద్దాలు లేవు. ఆ సంగతి నేను చెప్పాక వేలు పెట్టి తడిమి చూసుకుని, అది మారువేషం అన్నాడు.

ఆ ప్రకటన విన్నది నేనూ, పక్క బేకరీ ఆయనా. బేకరీ ఆయన ఆరు నెలల్లో సగమయ్యాడు. కడుపుబ్బరం, నీరసం, పని మధ్యలో నాలుగైదుసార్లు దొడ్డికి పరుగు. మందులు మింగినా తగ్గలేదు. బావమరిది బేకరీలో పనికి చేరిందీ ఆరు నెలల కిందటే. ఈ రెండు ముక్కలూ ఆయన మావయ్య చెవిన వేశాడు.

"స్లో పాయిజన్," అన్నాడు మావయ్య, కళ్లు చిన్నవి చేసి.

 రుజువు దొరికితే నెలాఖరుకి బావమరిదిని గెంటేస్తానన్నాడు బేకరీ ఆయన. ఆ బావమరిది పెళ్లాం పిల్లలతో బేకరీ పైగదిలోనే ఉంటున్నాడు. అతనికి పోవడానికి ఇంకో చోటు లేదు.

నేను ల్యాబులో పనిచేస్తాను. ఆ నెల మా దగ్గర సీలియాక్ జబ్బుకి ఉమ్మి పరీక్ష పెట్టి చూస్తున్నారు. గోధుమలో ఉండే గ్లూటెన్ పడక, ఒళ్లు యాంటీబాడీలతో యుద్ధానికి దిగి, చివరికి తన పేగుల్నే గాయపరుచుకునే జబ్బు అది. ముందు ఆ యాంటీబాడీల కోసం ఉమ్మిలో వెతుకుతాం, అనుమానం వస్తే రక్తంలో చూస్తాం. ఇదంతా మావయ్యకి చెప్పడం నా బుద్ధితక్కువ. ఉమ్మి, పరీక్ష అన్న రెండు మాటలే ఆయనకి వినిపించాయి.

"నేరస్థుడి నోరు అబద్ధమాడుతుంది గానీ ఉమ్మి ఆడదమ్మాయ్."

అది విషాన్ని పట్టే పరీక్ష కాదని మూడుసార్లు చెప్పాను. చదువుకున్నవాళ్లకి ఊహాశక్తి ఉండదని జాలిపడ్డాడు.

మర్నాడు పొద్దున బేకరీలో మావయ్య బేకరీ ఆయన భార్యనీ, బావమరిదినీ, పొయ్యి చూసే మనిషినీ వరసగా నిలబెట్టాడు. పరీక్ష దేనికో నేను విడమరిచి చెప్పి సంతకాలు తీసుకున్నాను. భార్య మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

"మా తమ్ముడు ఉమ్మాలంటే ముందు ఈయన ఉమ్మాలి. లేకపోతే ఈ షాపులో ఎవరూ ఉమ్మరు."

బేకరీ ఆయన సంతకం చేసి, నేనిచ్చిన చిన్న గొట్టంలో ఉమ్మాడు. తర్వాత భార్యా, బావమరిదీ ఉమ్మారు. పొయ్యి మనిషికి భయంతో నోరెండిపోయింది. మావయ్య అతని ముందు కూర్చుని నిమ్మకాయ కోస్తున్నట్టు వర్ణించాడు. అతనికేం కాలేదు గానీ మావయ్యకే నోరూరి మాట తడబడింది. చివరికి గ్లాసుడు నీళ్లు తాగి, కాసేపాగి, అతనూ ఉమ్మాడు.

బేకరీ ఆయన గొట్టం మీద మావయ్య "బాధితుడు, అక్కర్లేదు" అని రాసి, పారెయ్యమని నాకిచ్చాడు. ల్యాబుకి వెళ్లి చూస్తే ట్రేలో ఒక్క గుంట ఖాళీగా ఉంది. సంతకం ఎలాగూ ఉంది కదా అని దాన్నీ పెట్టేశాను.

అనుమానితులు ముగ్గురి ఉమ్మిలోనూ ఏమీ లేదు. అక్కర్లేని గొట్టంలో మాత్రం యాంటీబాడీలు దండిగా ఉన్నాయి.

మా డాక్టరుగారు బేకరీ ఆయన్ని పిలిపించి రక్తం తీయించారు. అందులోనూ అంతే. పేగులోకి గొట్టం వేసి చూసి, సీలియాకేనని ఖాయం చేశారు. బావమరిది వచ్చాక బేకరీలో వాయిలు రెట్టింపయ్యాయట. ప్రతి వాయీ రుచి చూసేది బేకరీ ఆయనే. ఇకమీదట గోధుమ ముట్టకూడదన్నారు, పిండి దుమ్ము కూడా నోట్లోకి పోకూడదన్నారు.

మావయ్య వెళ్లి మైదా బస్తా ముందు నిలబడ్డాడు. "నీ ఆట కట్టింది," అన్నాడు. తర్వాత మా వైపు తిరిగి, విషం తిండిలోనే ఉందని మొదటిరోజే కనిపెట్టానన్నాడు.

బేకరీ ఆయన నవ్వలేదు. ఆయన రుచి చూడకుండా ఇరవై రెండేళ్లలో ఒక్క బ్రెడ్డూ గడప దాటలేదు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, పొయ్యిలోంచి వస్తున్న వాయిని గుమ్మంలోంచి చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి బావమరిదిని పిలిచాడు.

"ఏమోయ్. ఓ ముక్క తిని చెప్పు."

బావమరిది తిన్నాడు. నమిలాడు. అక్క వైపు చూశాడు.

"ఉప్పు తక్కువైంది బావగారూ."

"ఎప్పుడూ వేసినంతే కదయ్యా వేసింది."

"ఎప్పుడూ తక్కువే అండీ."

భార్యా ఓ ముక్క నోట్లో వేసుకుని, అవునన్నట్టు తలూపింది.  మరి ఇన్నాళ్లూ చెప్పరేం అన్నాడు బేకరీ ఆయన. బావమరిది ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

నెలాఖరుకి పైగది ఖాళీ అవలేదు. బ్రెడ్డులో ఉప్పు మాత్రం సరిపోయింది.