వర్లన్ స్మోకర్ దరఖాస్తు

మానవజాతి నిప్పు కనుక్కుని ఎన్ని వేల ఏళ్ళయినా, సరైన దరఖాస్తు లేకుండా దాన్ని వెలిగించకూడదని గ్రహించిన ఘనత మాత్రం మా పెకాన్ బెండ్ కాలనీ గృహయజమానుల సంఘానిదే. టెక్సస్‌లో ఇంకెక్కడైనా పెరట్లో స్మోకర్ అనే ఇనప పొయ్యి పెట్టి మాంసం పొగబెట్టుకోవడానికి కట్టెలు, ఓపిక ఉంటే చాలు. మాకు పద్నాలుగో నిబంధన కూడా ఉంది. "పెరటియందు ఉంచు స్మోకర్ నాణ్యమైనదై ఉండవలెను" అని దాని సారాంశం. నాణ్యత అంటే ఏమిటో అందులో రాయలేదు. రాయనిదాన్ని తేల్చడానికి అయిదుగురితో ఒక ఉపసంఘం వేశారు. దాని కార్యదర్శిని నేను. (జీతం లేదు, అధికారం ఉంది. మా కాలనీలో ఇంతవరకు ఎవరూ జీతం అడగలేదు.)

ఈ నివేదిక వర్లన్ మాడక్స్ దరఖాస్తు గురించి.

వర్లన్ తండ్రి క్లోవిస్‌కు ఎనభై ఒక్క ఏళ్ళు. చమురు బావుల దగ్గర పారేసిన లావుపాటి గొట్టంతో ఆయనే అతికించుకున్న స్మోకర్ నలభై ఏళ్ళు నడిచింది. ఒక పక్కన నిప్పు పెట్టె, దాన్ని ఆనుకుని పడుకోబెట్టిన పీపా, ఆ కొసన పొగగొట్టం. నిప్పు ఒకచోట, మాంసం ఇంకోచోట. నిబంధన పుట్టకముందుది కాబట్టి దాని జోలికి మేం వెళ్ళలేదు. మార్చిలో నిప్పు పెట్టె అడుగు తుప్పుపట్టి ఊడిపోయి, నిప్పులన్నీ గడ్డి మీద పడ్డాయి. ఇక కొత్తది కొనక తప్పదు. కొత్తదంటే మా దగ్గరికి రాక తప్పదు.

అదే నెలలో డాక్టరు క్లోవిస్‌కు ఇంకో మాట చెప్పాడు. వేళ్ళలో నరాలు మొద్దుబారుతున్నాయని, ఏడాది తిరిగేసరికి చేతికి వేడీ చల్లనా తెలియవని. క్లోవిస్ జన్మలో థర్మామీటరు వాడిన మనిషి కాదు. మాంసం పెట్టే ఊచల మీద అరచెయ్యి చాపి, అంకెలు లెక్కపెట్టి, కట్టె వెయ్యాలో ఆగాలో తేల్చేవాడు. ఆయన చేతి బ్రిస్కెట్, అంటే పొగబెట్టిన గొడ్డు రొమ్ము మాంసం, తిన్నవాళ్ళు ఆ వారమంతా ఇంకెవరింట్లోనూ మాంసం ముట్టేవారు కాదు.

"ఒరేయ్, ఇది నోటితో చెబితే వచ్చే పని కాదురా," అన్నాడు కొడుకుతో. "నా చెయ్యి పక్కన నీ చెయ్యి పెట్టాలి. నా వేళ్ళకి ఇంకా బుద్ధి ఉండగానే ఏదో ఒక డొక్కు తెచ్చి పడెయ్."

"డొక్కెందుకు నాన్నా? నీ చేతికి తగ్గది తెస్తాను, చూస్తూ ఉండు," అన్నాడు వర్లన్.

ప్రేమతోనే అన్నాడు. ఆ సంగతి నేను సాక్ష్యం చెప్పగలను.

మొదటి దరఖాస్తు ఏప్రిల్‌లో వచ్చింది. ఉపసంఘం అధ్యక్షుడు హోయ్ట్ బర్డ్‌సాంగ్ ముప్పై ఏళ్ళు పళ్ళు పీకి రిటైరైన డాక్టరు. వర్లన్ తెచ్చిన స్మోకర్‌ను వేలి కణుపుతో రెండు చోట్ల కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"రేకు పలచన. వేడి నిలవదు," అన్నాడు.

"ఎంత మందం ఉండాలండీ?"

"పావు అంగుళం."

వర్లన్ నోటుబుక్కులో రాసుకున్నాడు. కోపం తెచ్చుకుంటాడేమో అనుకున్నాను గానీ, చెయ్యి కలిపి థాంక్స్ చెప్పాడు. రెండోసారి పావు అంగుళం ఇనుముతోనే తెచ్చాడు. అది అరటన్ను తూగింది. దాని కింద సిమెంటు గచ్చు ఆగుతుందో లేదో ఇంజనీరు చేత రాయించుకు రమ్మన్నాం. ఇంజనీరుకు ఆరువారాలు పట్టింది. గచ్చు ఆగింది, స్మోకర్ తలుపు ఆగలేదు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే రాకూడదు. ఆ కాగితం దరఖాస్తు నకలే అయి ఉండాలని తీర్మానించాం. హోయ్ట్ రెండు వేళ్ళతో లాగగానే దరఖాస్తు జారి బయటికి వచ్చేసింది.

"నిజమేనండీ, సందులోంచి పొగ పోతే ఎలా?" అని వర్లనే దాన్ని ట్రక్కుకెక్కించి తిప్పి పంపాడు. మేం చెప్పిన దానికన్నా ఎక్కువ లోపాలు తనే కనిపెట్టి అనుబంధంగా జతచేశాడు. అలాంటి దరఖాస్తుదారు ఏ కార్యాలయానికైనా పూర్వజన్మ సుకృతం.

మూడోది అక్టోబరులో వచ్చింది. ఈసారి పిండి పరీక్ష. నలభై పచ్చి బిస్కెట్ పిండి ముద్దలు ఊచల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పేర్చి కాల్చాలి. ఎక్కడ మాడాయో ఎక్కడ తెల్లగా మిగిలాయో చూస్తే వేడి ఎటు ఎక్కువో తెలుస్తుంది. ఇందుకు గాను నిప్పు వెలిగించడానికి రెండు గంటల తాత్కాలిక అనుమతి ఇచ్చాం. (నలభై ముద్దలూ ఉపసంఘమే తినేసినందువల్ల ఫలితం నమోదు కాలేదు. పరీక్ష మళ్ళీ పెట్టాం. మళ్ళీ నమోదు కాలేదు.)

రెండో పరీక్ష నడుస్తుండగా క్లోవిస్ ఇంట్లోంచి కర్ర పట్టుకుని వచ్చాడు.

"నిప్పు ఎలాగూ ఉందిగదయ్యా. ఓ పది నిమిషాలు వాడికి చూపించుకోనివ్వండి."

"అనుమతి పిండికే ఇచ్చాం క్లోవిస్ గారూ. పాఠాలకి ఇవ్వలేదు," అన్నాడు హోయ్ట్, ఎంతో మర్యాదగా.

క్లోవిస్ కొడుకు వంక చూశాడు.

"కాస్త ఆగు నాన్నా. మధ్యలో మూత తీస్తే లెక్క తప్పుతుంది," అన్నాడు వర్లన్.

ముసలాయన కంచె దాటి వెళ్ళిపోయాడు. కంచె అవతల మా సంఘం మాట చెల్లదు. అక్కడ ఒటిలీ వోగెస్ అని విధవరాలు ఒకావిడ ఉంది. ఆవిడ పెరట్లో హార్డ్‌వేర్ షాపులో కొన్న స్మోకర్ ఉంది. పలచటి రేకు, సొట్టపోయిన మూత, ఒక కాలు విరిగితే ఇటుకలు పేర్చారు. మా పరీక్షల్లో దానికి ఒక్క మార్కూ రాదు.

ఆ వచ్చే శనివారం నుంచి మా సమావేశంలోకి పొగ రాసాగింది. ఓక్ కట్టె పొగ, దాని వెనకే కొవ్వు కరిగే వాసన. అక్రమ పొగ ఎక్కడిదో విచారించి రమ్మని కార్యదర్శిగా నన్నే ముందు పంపారు. నేను ఒటిలీ గారి పెరట్లోకి వెళ్ళేసరికి క్లోవిస్ ఏమీ అడగకుండా నా మణికట్టు పట్టుకుని, తన చెయ్యి పక్కన ఊచల మీద పెట్టించాడు.

"లెక్కపెట్టవయ్యా. ఆరు దాకా ఓర్చుకోగలిగితే నిప్పు చాలదన్నమాట. నాలుగుకే లాగేసుకున్నావంటే ఎక్కువైంది."

నాకు సిగ్గేసింది. ఆ చోట ఉండాల్సిన చెయ్యి ఇంకొకడిదని నాకు తెలుసు. అయినా తీయలేదు. సాయంత్రం చొక్కా మీద కొవ్వు మరకతో తిరిగొచ్చి, విచారణ పూర్తి కాలేదని నివేదించాను. మరుసటి వారం హోయ్ట్ వెళ్ళాడు. ఆయన విచారణా పూర్తి కాలేదు. చలికాలం ముగిసేలోగా అయిదుగురం విడివిడిగా, ఆపైన కలివిడిగా విచారించాం.

క్లోవిస్ కొడుకునూ పిలిచాడు. పిలవలేదని ఎవరూ అనకూడదు.

"శనివారం ఒటిలీ గారింటికి రారా."

"ఈ శనివారం కుదరదు నాన్నా. వెల్డింగ్ అతుకులు చూడ్డానికి హ్యూస్టన్ వెళ్ళాలి."

పై శనివారం డాలస్. ఆ పై శనివారం అనుబంధం మూడు పూర్తిచేసుకోవాలి.

మరుసటి మార్చిలో నాలుగో దరఖాస్తు ఏకగ్రీవంగా నెగ్గింది. అలాంటి స్మోకర్ నేను మళ్ళీ చూడను. కొడితే గుడిగంటలా మోగింది. తలుపులో పెట్టిన దరఖాస్తు చిరిగింది గానీ రాలేదు. అనుమతి పత్రం అతికించడానికి అయిదుగురం టైలు కట్టుకుని వెళ్ళాం. వర్లన్ తెల్లవారకముందే నిప్పు రాజేశాడు. తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మూత తీసి, తనూ పక్కనే చెయ్యి చాపి నిలబడ్డాడు.

ఊచల మీద గాలి వణుకుతోంది. వర్లన్ మూడుకే చెయ్యి లాగేసుకున్నాడు. క్లోవిస్ లెక్కపెడుతూనే ఉన్నాడు. పది దాటింది. పన్నెండు దాటింది.

"ఒరేయ్, నిప్పు అంటించావా?" అని అడిగాడు.

వర్లన్ ఆయన చెయ్యి గబుక్కున లాగేశాడు. అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఊదసాగాడు.

"ఇప్పుడెలా నాన్నా?"

"ఏడుస్తావేంరా పిచ్చోడా. నాకు తెలిసిందంతా వీళ్ళకి చెప్పేశాను," అంటూ క్లోవిస్ మా వైపు తిరిగాడు. "అడుగు, చూపిస్తారు."

వర్లన్ మా అయిదుగురినీ వరసగా చూశాడు. మేం అనుమతి పత్రం తిన్నగా అతికిందో లేదో చూసుకున్నాం.

వర్లన్‌కు నేర్పడానికి సభ్యులందరూ సంసిద్ధంగా ఉన్నారని ఉపసంఘం ఆ సాయంత్రమే తీర్మానించింది. అందుకు అతను పెట్టుకోవలసిన దరఖాస్తు ఇంకా అందలేదు.