చంద్రంకె స్టూడియో

పొద్దున గోడలకు పలకలు తగిలించాలి, మధ్యాహ్నం కథ చదవాలి, సాయంత్రంలోగా బెంగళూరుకు పంపెయ్యాలి. ఆ శనివారానికి పురుషోత్తమ్ వేసుకున్న పథకం ఇదీ. ఇందులో పట్టుపురుగుల ఊసే లేదు. ఉండదు కూడా, పథకమంతా వాటి పీడ వదిలించుకోవడానికే గనక.

కన్నడ నాట దిబ్బూరహళ్ళి పక్క పల్లెలో వాళ్ళది పట్టుపురుగులు మేపే ఇల్లు. పురుషోత్తమ్‌కు మంచి గొంతు ఉంది, పురుగులంటే పరమ చిరాకు ఉంది. కథలు చదివించి ఫోన్లలో వినిపించే బెంగళూరు కంపెనీ ఒకటి అతని గొంతును మెచ్చింది గానీ గదిని మెచ్చలేదు. మాట గోడలకు తగిలి మోగుతోందట, బావిలో కూర్చుని చదివినట్టుందట. శనివారం సాయంత్రం దాకా ఇంకొక్క అవకాశం ఇచ్చారు. తల్లి సుబ్బలక్ష్మమ్మ కూడా ఒక్క అవకాశమే ఇచ్చింది. ఈ పని రాకుంటే వచ్చే పంటకు పురుగుల పూచీ అంతా కొడుకుదే.

మోత తగ్గాలంటే చట్రాల్లో మెత్తటి సరుకు కూరి, గుడ్డ కప్పి, ఆ పలకలను గోడలకు తగిలించాలని వీడియోల్లో చూశాడు. మెత్తటి సరుకుకు పాత బొంతలున్నాయి, గుడ్డకు అమ్మ పాత చీరలున్నాయి. చట్రాల కోసం చింతామణి టౌను దాకా పోవడమెందుకని పురుగులింటి వెనక వెతికితే చంద్రంకెలు కనిపించాయి. పండిన పురుగులు గూళ్ళు కట్టుకోవడానికి వదిలే వెదురు చాపలవి. దాదాపు మనిషెత్తు, చుట్టూ గట్టి అంచు. పురుగు పండేది సోమవారం గదా, ఆదివారం విప్పి అక్కడే పెట్టేస్తే సరి అనుకున్నాడు. అమ్మ ఆకు కోతకు పోయింది గనక అడిగే పని కూడా తప్పింది.

అన్నీ తగిలించి గది మధ్య నిలబడి చప్పట్లు కొట్టి చూశాడు. చప్పుడు పుట్టిన చోటే చచ్చింది. మురిసిపోయి, లోపల గొళ్ళెం పెట్టుకుని, బయటి చప్పుడేదీ వినబడకుండా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి చదవడం మొదలుపెట్టాడు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు కాబట్టి తెలుగు కథను కన్నడ అక్షరాల్లో రాసుకుని చదువుతాడు.

ఎండ మండిపోతుండడంతో పురుగులు సోమవారం దాకా ఆగలేదు. తోట నుంచి వచ్చిన సుబ్బలక్ష్మమ్మ తట్టల్లో చూస్తే సగం పురుగులు పసుపు తిరిగి, తలలెత్తి గూటికి చోటు వెతుక్కుంటున్నాయి. చంద్రంకెలు చూస్తే లేవు. పురుషోత్తమ్ వాటిని తన గదిలోకి మోసుకుపోయాడని కోడలు ప్రేమ చెప్పేసరికి గది దగ్గరికి ఉరికింది.

"పురుషా, తలుపు తీయప్పా. పురుగు పండిండాది, చంద్రంకెలు కావాల."

పలకలు గదిలోని మోతను మింగాయి గానీ, మాట బయటికి పోకుండా ఆపే గుణం వాటికి లేదు. లోపల కథలో జమీందారు సొంత తమ్ముణ్ణి వానలో వెళ్ళగొడుతున్నాడు.

"గడప దాటి లోపలికి అడుగు వేశారంటే మర్యాద దక్కదు. ఈ ఇంట్లో ప్రతి వస్తువూ నాదే."

సుబ్బలక్ష్మమ్మ అది తనను అన్నమాటే అనుకుంది. "పోనీ ఒగ నాలుగన్నా ఇయ్యప్పా," అంది.

"చిల్లిగవ్వ కూడా ఇవ్వను!"

కన్నకొడుకు తనను మీరు అనడం ఆమె ఎన్నడూ వినలేదు. కోపం ఎంత ముదిరితే ఆ మర్యాద వస్తుందో అనుకుని కళ్ళొత్తుకుంటూ రామచంద్రప్పను పిలుచుకొచ్చింది. ఊళ్ళో ఎవరికి ఆస్తిలో పాలు పంచాలన్నా ఆయనే. పిలుపు కోసమే కాచుకున్నట్టు కొలతాడుతో, ఇద్దరు సాక్షులతో వచ్చాడు. తలుపు బాదుతూ అడిగాడు.

"నీకేం కావాలో చెప్పప్పా. పెద్దోణ్ణి, అడుగుతాండా."

కథలో ఇప్పుడు తమ్ముడి వంతు. "నా పాలు నాకు పంచి ఇవ్వండి, అంతే చాలు," అని లోపలి నుంచి ఏడుపు గొంతు వచ్చింది.

"ఏడుస్తాండాడు పాపం. మనసులో పెట్టుకోనుండాడు," అని రామచంద్రప్ప జాలిపడి వాకిలి కొలవడం మొదలుపెట్టాడు. సుబ్బలక్ష్మమ్మ గుమ్మం దగ్గర కూలబడింది. "అడిగింటే నేనే ఇచ్చేదాన్ని గదా," అని కోడలితో అంది.

కథ ముగించి, నవ్వుమొహంతో తలుపు తీసిన పురుషోత్తమ్‌కు వాకిట్లో కొలతాడు కనిపించింది. ఎవరిల్లు కొలుస్తున్నారని అడిగాడు. నిజం తేలాక రామచంద్రప్ప ఒక్కడే నిరుత్సాహపడ్డాడు. సుబ్బలక్ష్మమ్మకు పట్టరానంత సంతోషం కలిగింది, ఆ వెంటనే పురుగులు గుర్తొచ్చాయి. పంచడానికి వచ్చినవాళ్ళంతా కలిసి పలకలు పీకి, చీరలు చింపి, బొంతలు లాగి, చంద్రంకెలు మోసుకుపోయారు.

రికార్డింగ్ విని చూస్తే జమీందారు కంటే రామచంద్రప్ప తలుపు బాదడమే గట్టిగా ఉంది. మళ్ళీ చదవాలి. గది మళ్ళీ బావి అయిపోయింది, పొద్దు వాలుతోంది. తప్పు తనది గనక ముందు పురుగులింట్లో తట్టలు అందించడానికి పోయాడు. నాలుగు గోడలకూ చంద్రంకెలు, కిటికీలకు గోనెపట్టాలు, కింద ఆకు గుట్టలు. "అమ్మా, ఇది యాడ పెట్టేది?" అని అడిగాడు. తన గొంతు విని తనే ఆగిపోయాడు. ఎక్కడా మోత లేదు.

అందరినీ బయటికి పంపి, తట్టల మధ్య కూర్చుని కథంతా చదివి, చీకటి పడేలోగా పంపేశాడు.

మర్నాడే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పని ఇచ్చారు. తమ్ముణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టే ఘట్టంలో వెనక సన్నటి వాన చప్పుడు అద్భుతంగా ఉందనీ, ఇకపై ప్రతి వాన కథా అతనికేననీ, ఆ వాన మాత్రం తప్పకుండా ఉండాలనీ చెప్పారు. తను వాన పెట్టలేదే అని పురుషోత్తమ్ తికమకపడ్డాడు. రికార్డింగ్ మళ్ళీ విన్నాడు. పండకుండా వెనకబడిన పురుగులు ఆకు నములుతున్న చప్పుడది. పుట్టినప్పటి నుంచి వింటున్నది కాబట్టి అతని చెవికి ఆనలేదు.

పురుగులింటికి పరుగెత్తాడు. అక్కడ వాన వెలిసింది. మిగిలినవి కూడా పండి చంద్రంకెలెక్కాయి.

"అమ్మా, వచ్చే పంటకు పిల్లపురుగులు ఎప్పుడు తెద్దాం? ఈసారి అంతా నేనే చూసుకుంటా," అన్నాడు.

సుబ్బలక్ష్మమ్మ ముందు కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.